పాత రీలు కెమెరా, నిమ్‌పురా ముఖాలు: సందేహాలు - సమాధానాలు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ఖరగ్‌పూర్ నుంచే వచ్చాయి. అందులో వింతేమీ లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు జనం ఆ ఊరి వర్క్‌షాపులో, యార్డులో పనికి కుదిరి అక్కడే స్థిరపడ్డారు. ఇప్పుడు వాళ్ల మనవలు అటకలు దులుపుతున్నారు, కెమెరాలు బయటపడుతున్నాయి. ఒకే మాట అడిగినవాళ్ల ఉత్తరాలు కలిపాను, పొడుగువి కుదించాను.

*

మా నాన్నగారు ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా యార్డులో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో ఆగ్ఫా క్లిక్-3 కెమెరా దొరికింది. మీట నొక్కితే టక్‌మంటోంది. దీనికి ఇప్పుడు రీలు దొరుకుతుందా? దీంతో ఏం తీయవచ్చు?
– రైల్వే ఉద్యోగి, నిమ్‌పురా

జవాబు: దొరుకుతుంది. దీనికి కావలసింది 120 సైజు రీలు. కొడాక్ వాళ్లు 1901లో తెచ్చిన సైజు అది, నేటికీ తయారవుతోంది. మీ కెమెరా మన దేశంలోనే, బరోడాలో తయారైంది. ఒక రీలుకు 12 చదరపు బొమ్మలు వస్తాయి. రీలు కొనేముందు కెమెరా లోపల ఖాళీ స్పూలు ఉందో లేదో చూడండి. తీసిన ఫిల్ము దాని మీదికే చుట్టుకుంటుంది. లేకపోతే 120 రీళ్లు కడిగే ల్యాబ్‌ను అడగండి, వాళ్లు రోజూ పారేసే వస్తువే అది.

వెనక ఉన్న ఎర్ర కిటికీలోంచి బొమ్మల నంబర్లు కనిపిస్తాయి. ఎరుపు కనబడని పాతకాలపు రీళ్లకు ఆ ఎరుపే కాపలా. ఇప్పటి ఫిల్ము ఎరుపును కూడా చూస్తుంది, 400 స్పీడుదైతే మరీను. కిటికీ మీద నల్ల టేపు ముక్క అంటించండి. నీడలోకి వెళ్లి, రీలు తిప్పేటప్పుడు మాత్రమే ఎత్తండి.

ఇక ఏం తీయాలి? దగ్గర నుంచి ముఖాలు మాత్రం వద్దు. ఈ రకం సాదా లెన్సుకు పది అడుగుల అవతల నిలువెత్తు మనిషి బాగా వస్తాడు, అంచులు కాస్త మెత్తబడతాయి. క్వార్టర్ గేటు దగ్గర నిలబడ్డ కుటుంబం, వరండాలో సైకిలు, డ్యూటీకి బయల్దేరిన మనిషి... ఇవన్నీ దీనికి సరిగ్గా సరిపోతాయి. షట్టరు వేగం మార్చుకునే వీలు లేదు గనుక వెలుగును మీరే ఎంచుకోవాలి. 100 స్పీడు రీలు వేసుకుని ఎండలో తీయండి. సూర్యుడు మీ భుజం పక్కగా ఉండాలి, మరీ వెనక ఉంటే ఎదుటివాళ్లు కళ్లు చికిలిస్తారు. మీ ఊళ్లో విశాఖ కన్నా పొద్దు ముందే గూకుతుందన్నది గుర్తుంచుకోండి. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు, మూడున్నర దాటితే ఈ కెమెరాకు వెలుగు చాలదు. మీట నొక్కేటప్పుడు మోచేతులు పొట్టకు ఆనించి, ఊపిరి బిగబట్టండి. ఈ తరహా కెమెరాలు తీసిన బొమ్మలు చెడేది ఎక్కువగా చెయ్యి కదలడం వల్లే.

*

మాతా పూజ ఊరేగింపు రోజున మా వీధి ఆడవాళ్లను నలుపు తెలుపు రీలు మీద తీశాను. పసుపు రాసుకున్న ముఖాలు తెల్లగా వచ్చాయి, కుంకుమబొట్టు ఉందో లేదో అన్నట్టుగా ఉంది. మా మామ్మ పెళ్లినాటి స్టూడియో ఫొటోలో బొట్టు కాటుకలా నల్లగా ఉంది. నా తప్పా, కెమెరా తప్పా?
– డిగ్రీ విద్యార్థిని, మథురాకాటి

జవాబు: ఇద్దరిదీ కాదమ్మా. తేడా అంతా ఫిల్ములో ఉంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం విస్తారంగా చెబుతాను.

ఫొటోలకు వాడే వెండి లవణం పుట్టుకతో నీలి రంగును మాత్రమే చూస్తుంది. 1873లో జర్మనీలో వోగెల్ అనే రసాయన శాస్త్రవేత్త దానికి కొన్ని రంగులు కలిపి ఆకుపచ్చను కూడా చూడగలిగేలా చేశాడు. అలా పుట్టినదే ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము. దానికి ఎరుపు కనబడదు. అన్ని రంగులనూ చూసే పాంక్రొమాటిక్ ప్లేట్లు 1906 నాటికి అమ్మకానికి వచ్చినా, స్టూడియోలు చాలాకాలం ఆర్థోను వదల్లేదు. ఎర్ర దీపం వెలుగులో కళ్లతో చూస్తూ కడుక్కునే సౌకర్యం దాంతో ఉంది మరి.

ఎరుపు కనబడని ఫిల్ముకు కుంకుమ నలుపే. మీ మామ్మగారి బొట్టు కాటుకలా ఉన్నది అందుకే. ఆ ఫొటోలో ఆవిడ నిజంగా ఉన్నదానికన్నా చామనఛాయ ముదిరి కనిపిస్తున్నారేమో చూడండి. మన చర్మం తిప్పి పంపే వెలుగులో ఎరుపు పాలు ఎక్కువ, ఆర్థో ఆ పాలంతా వదిలేస్తుంది. అందుకే ఆనాటి స్టూడియోల్లో నెగటివ్ మీద పెన్సిలుతో ముఖం దిద్దేవారు. నెగటివ్‌లో గీసిన నలుపు ప్రింటులో తెలుపవుతుంది.

మీ రీలు పాంక్రొమాటిక్. పసుపు ముఖం ఎరుపునూ ఆకుపచ్చనూ రెండింటినీ దండిగా వెనక్కి పంపుతుంది, అందుకని వెలిగిపోతుంది. కుంకుమ ఎరుపును పంపుతుంది, దాని చుట్టూ ఉన్న చర్మమూ ఎరుపునే పంపుతుంది. ఫిల్ము కంటికి రెండూ ఒకే బూడిద రంగు.

దీనికి మందు లెన్సు ముందు తొడిగే ఫిల్టరు. పసుపు ఫిల్టరు ఆకాశాన్ని దింపుతుంది గాని పసుపు ముఖాన్ని ఇంకా తెల్లబరుస్తుంది. ఎర్ర ఫిల్టరు జోలికి అసలు పోకండి, బొట్టు పూర్తిగా చెరిగిపోతుంది. మీకు కావలసింది పసుపు కలిసిన లేత ఆకుపచ్చ ఫిల్టరు. ఎరుపును ఆపుతుంది కనుక బొట్టు నిలబడుతుంది, పసుపు కూడా పసుపులాగే కాస్త బరువుగా వస్తుంది. దానికి సుమారు ఒక స్టాపు ఎక్కువ, అంటే రెట్టింపు వెలుగివ్వాలి, ముదురు ఆకుపచ్చకు రెండు స్టాపులు. అదీ ఇదీ కాదు, మామ్మ ఫొటోలాంటిదే కావాలంటారా? ఇల్ఫర్డ్ వాళ్లు ఆర్థో ప్లస్ అనే రీలు ఇప్పటికీ చేస్తున్నారు, స్పీడు 80. దాన్ని ఎండలో వాడకండి. చెట్టునీడలో, వసారాలో తీసి, అర స్టాపు ఎక్కువ ఇవ్వండి. మొటిమలు, ముడతలు దానిలో ఎక్కువై కనిపిస్తాయని ముందే చెప్పి మరీ తీయండి!

ఇంకో సంగతి. ఊరేగింపులో తెల్లచీరలు, కొత్త జరీ ఎండకు మెరుస్తుంటాయి. వెలుగు కొలిచే మీటరు వాటిని చూసి మోసపోయి ముఖాన్ని చీకటి చేస్తుంది. చీరను కొలవకండి, మీ అరచేతిని అదే వెలుగులో పెట్టి కొలవండి. అరచేయి అందరికీ కాస్త లేత రంగే, అందుకని వచ్చిన లెక్క మీద ఒక స్టాపు తెరవండి. మీటరే చచ్చిపోతే పాత సూత్రం ఉంది: నిండు ఎండలో ఎఫ్-16, షట్టరు మాత్రం రీలు స్పీడుకు దగ్గరి అంకె. 100 రీలుకు 1/125, 400 రీలుకు 1/500. మీ ఊరి శీతాకాలపు ఉదయాల మసక ఎండకు ఎఫ్-11 పెట్టండి.

*

గోల్‌బజార్‌లో ఫొటోలు తీస్తుంటే దుకాణాలవాళ్లు కసురుకుంటున్నారు. యాషికా మ్యాట్ లాంటి రెండు కళ్ల కెమెరా అయితే ఎవరికీ తెలియకుండా తీయవచ్చంటున్నారు. కొనమంటారా?
– ప్రైవేటు ఉద్యోగి, ఇందా

జవాబు: తెలియకుండా తీయడానికైతే కొనవద్దు. ఆ పెట్టెను మెడలో వేసుకుని సంతలోకి వెళితే పదిమంది పిల్లలు వెంటపడతారు, మీరు కనబడకుండా పోయేదేమీ లేదు.

దాని గొప్పతనం వేరే. యాషికా మ్యాట్ 124-జీ అయినా, ఇంకా పాతదైనా, తల వంచి పైనుంచి చూస్తారు. కెమెరా మీ ముఖాన్ని కప్పేయదు. ఎదుటి మనిషితో మాట్లాడుతూ, తల ఎత్తి నవ్వుతూ మీట నొక్కవచ్చు. లెన్సు పొట్ట ఎత్తున ఉంటుంది కనుక కూరల గంప ముందు కూర్చున్న మనిషి చిన్నగా, లోకువగా కనిపించదు. అలవాటయ్యేదాకా ఒక ఇబ్బంది: అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎడమ నుంచి వచ్చే రిక్షా కుడి నుంచి వస్తున్నట్టుంటుంది. కదిలేవాటి జోలికి పోకుండా, నిలబడ్డ మనుషులతో మొదలుపెట్టండి. లెన్సు మీటరు దూరం లోపల ఫోకస్ కాదు కనుక ముఖమొక్కటే నిండా రాదు. నడుము దాకా తీయండి, చేతులు కూడా బొమ్మలో ఉంటాయి. పనివాళ్ల చేతులు చూడదగ్గవి.

కసురుకోవడం సంగతి. ఖరగ్‌పూర్‌లో తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా నాలుగూ నడుస్తాయి. ఎదుటివాళ్ల మాటలో ఒక్క పలకరింపు నేర్చుకున్నా దారి సులువవుతుంది. నిమ్‌పురా బజారులో ‘బాబూ, మీదే ఊరు?’ అంటే చాలు, టెక్కలి నుంచో పలాస నుంచో కథ మొదలవుతుంది. అడిగి తీయండి. పిల్లలైతే పెద్దవాళ్లను అడగండి. వద్దంటే వద్దు. అడిగితే బిగుసుకుపోయి నిలబడతారని మీ అనుమానం కావచ్చు. మొదటి బొమ్మకు నిజమే. అది తీసి, ‘అయిపోయింది’ అని చెప్పి, వాళ్లు ఊపిరి వదిలాక రెండోది తీయండి. మరుసటి వారం ప్రింటు పట్టుకెళ్లి ఇవ్వండి. ఆ తర్వాత ఆ వరసలో ఎవరూ కసరరు. తెలియకుండా ముఖం పట్టేసి వెళ్లిపోవడాన్ని వీధి ఫొటోగ్రఫీ అని గొప్పగా చెప్పుకుంటారు గాని, నాకు అందులో గొప్పేమీ కనబడదు.

వీధి మొత్తాన్ని, కదిలే జనాన్ని తీయాలంటే మామూలు 35 ఎంఎం లెన్సున్న చిన్న కెమెరా మేలు. ఎఫ్-11 పెట్టి, దూరం మూడు మీటర్ల దగ్గర ఉంచేస్తే దాదాపు 1.7 మీటర్ల నుంచి 15 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. ఫోకస్ చూసుకునే పనే లేదు. అదే 50 ఎంఎం లెన్సుకైతే రెండు నుంచి అయిదు మీటర్లే.

*

నిమ్‌పురా యార్డు మధ్యలోకి వెళ్లి గూడ్సు బండ్లు, సంధ్యవేళ సిగ్నల్ దీపాలు తీయాలని కోరిక. ఏ రీలు వాడాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: రీలు సంగతి తర్వాత. యార్డు మధ్యలోకి వెళ్లకండి. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడం రైల్వే చట్టం 1989, 147వ సెక్షన్ కింద నేరం. అంతకు మించి, ఆపిన గూడ్సు చప్పుడు లేకుండా కదులుతుంది, పైనున్న తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. ఇనప ట్రైపాడ్ నిలువుగా పట్టుకుని పాదచారుల వంతెన మీద తిరగడం కూడా తగదు. స్టేషనులో తీయాలంటే ముందు అధికారులను అడిగి అనుమతి తీసుకోండి.

తీయడానికి ప్లాట్‌ఫారమే చాలా ఉంది. 1,072 మీటర్ల పొడవుతో ఒకప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా పెద్దది. తర్వాత గోరఖ్‌పూర్, ఆపైన 1,507 మీటర్లతో హుబ్బళ్లి దాన్ని దాటాయి. రాత్రి దీపాల కింద 400 రీలుతో ఎఫ్-2, 1/60 దగ్గర మొదలుపెట్టి, ఇంకోటి 1/30తో తీసుకోండి. చేతిలో జెనిట్ ఉంటే దాని హేలియోస్ లెన్సు ఎఫ్-2 వరకు తెరుచుకుంటుంది, ఈ పనికి బాగుంటుంది.

*

లెన్సులో సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తున్నాయి. తోలు సంచిలోనే భద్రంగా పెట్టాను.
– గృహిణి, నిమ్‌పురా

జవాబు: ఆ తోలు సంచే కారణం. అది బూజు. బెంగాల్ వానాకాలపు తేమను తోలు పీల్చుకుని లెన్సుకు అందిస్తుంది. సంచి బయట పెట్టండి, కెమెరాను గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. బూజు పట్టిన లెన్సును మంచి లెన్సుల పక్కన పెట్టవద్దు. పోగులు పలచగా ఉంటే బొమ్మ మీద పెద్ద ప్రభావం ఉండదు, సూర్యుడికి ఎదురుగా తీయకపోతే సరి. ముదిరితే విప్పి తుడిపించాలి. కోల్‌కతాలో మెట్రో సినిమా పక్క గల్లీ పాత కెమెరాలకు పేరుపడ్డ చోటు, అక్కడ అడగండి. బాగుచేసే ఖర్చు లెన్సు ధరను మించుతుందేమో ముందే కనుక్కోండి.

*

ఇంట్లో రీలు కడుగుదామంటే ఏప్రిల్‌లో కొళాయి నీళ్లే 30 డిగ్రీలుంటున్నాయి. ఎలా?
– విశ్రాంత ఫిట్టరు, ఖరగ్‌పూర్

జవాబు: నలుపు తెలుపు అయితే తేలికైన ఉపాయం, ఆగడం. తీసిన రీలును డబ్బాలో బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. డిసెంబరు, జనవరిలో మీ ఊరి నీళ్లు వాటంతట అవే 20 డిగ్రీల దగ్గరికి వస్తాయి, వరసగా అన్నీ కడుక్కోండి.

ఆగలేకపోతే లెక్క ఇది. హెచ్‌పీ-5 రీలుకు డి-76 తరహా డెవలపర్‌లో, నీళ్లు కలపకుండా, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. వేడి పెరిగేకొద్దీ సమయం తగ్గాలి. అయిదు నిమిషాల లోపుకు దిగితే మచ్చలు మచ్చలుగా కడుగుతుంది. కాబట్టి డెవలపర్‌కు సమానంగా నీళ్లు కలపండి. అప్పుడు 20 డిగ్రీలకు 13 నిమిషాలు, 24 డిగ్రీలకు సుమారు తొమ్మిది. సీసాను మంచు వేసిన బకెట్లో ఉంచితే 24కు దింపడం కష్టం కాదు. డెవలపర్ చల్లగా, కడిగే నీళ్లు వేడిగా ఉండకూడదు, అన్నీ ఒకే వేడిలో ఉండాలి. తడి ఫిల్మును గుడ్డతో తుడవకండి, వేడికి మెత్తబడ్డ పూత గీసుకుపోతుంది. వాడేసిన ఫిక్సరులో వెండి ఉంటుంది, కాలువలో పోయకుండా ల్యాబ్‌కు ఇవ్వండి. రంగు రీలుకు డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడాలి, దాన్ని కోల్‌కతాకు పంపడమే నయం.

*

తాతగారి నెగటివ్‌ల పెట్టె తెరిస్తే పుల్లటి సిర్కా వాసన వేస్తోంది. కొన్ని ముడుచుకుపోయాయి. తుడిచి మళ్లీ పెట్టెలో పెట్టేయవచ్చా?
– శ్రీకాకుళం నుంచి, ఖరగ్‌పూర్‌లో పుట్టిన పాఠకుడు

జవాబు: వద్దు. ఎసిటేటు ఫిల్ము తేమకు, వేడికి విరిగి ఎసిటిక్ ఆమ్లం వదులుతోంది, అంటే సిర్కాయే. ఆ ఆవిరి మూసిన పెట్టెలో మిగతావాటినీ చెడగొడుతుంది. వాసన వేసేవాటిని ఈరోజే వేరు చేయండి. ప్లాస్టిక్ కవర్లు తీసేసి ఒక్కొక్కటి కాగితం కవరులో, గాలి ఆడే అట్టపెట్టెలో, ఇంట్లో చల్లగా ఉండే చోట పెట్టండి. అటక వద్దు. ముడుచుకున్నవాటిని బలవంతంగా చదును చేయవద్దు. చెడిపోవడాన్ని నెమ్మది చేయగలం గాని ఆపలేం, కనుక ముందు నకలు తీసుకోండి. ట్యాబ్ తెర మీద తెల్లని బొమ్మ పెట్టి, దానికి కొంచెం ఎత్తున పాలరంగు యాక్రిలిక్ పలక, దాని మీద నెగటివ్ ఉంచి, కెమెరాతో నిటారుగా తీయండి. పలక లేకపోతే తెర చుక్కలు బొమ్మలో పడతాయి.

అంతకన్నా తొందరపని ఇంకొకటుంది. ఆ బొమ్మల్లో ఉన్నదెవరో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్ల పక్కన కూర్చుని పేరు, క్వార్టర్, వీధి, ఏ పండగో కవరు మీద పెన్సిలుతో రాయించుకోండి. కవరులో నెగటివ్ లేనప్పుడే రాయండి. నకలు వచ్చే నెలైనా తీసుకోవచ్చు.

*

ఫోనులో పాత రీలు రంగులు ఇచ్చే యాప్‌లు ఊరికే వస్తుంటే, వేలు తగలేసి ఈ రీళ్లెందుకు?
– పేరు రాయని పాఠకుడు

జవాబు: రంగుల కోసమే అయితే అక్కర్లేదు, యాప్ చాలు. రీలు కొని, కడిగించి, స్కాన్ చేయిస్తే వెయ్యి దాటుతోంది, అంటే 36 బొమ్మల రీలులో ఒక్కోదానికి దాదాపు ముప్పై రూపాయలు. ఆ ముప్పై రూపాయలే మీట నొక్కేముందు మిమ్మల్ని ఆపుతాయి, ఎదుటి మనిషితో నాలుగు మాటలు మాట్లాడిస్తాయి. ఫోనుతోనూ అలా ఆగగలిగేవాళ్లకు రీలు అవసరం లేదు. అలాంటివాళ్లు తక్కువ.

*

పది వేలు దాచాను. ఏ పాత కెమెరా కొనాలి?
– చాలామంది

జవాబు: పది వేలూ కెమెరాకే పెట్టకండి. సగం రీళ్లకు, కడగడానికి ఉంచండి. మిగిలిన దాంతో బ్యాటరీ లేకపోయినా షట్టరు పనిచేసే కెమెరా వెతకండి. 1976 నుంచి 1997 దాకా తయారైన పెంటాక్స్ కే-1000, మన దగ్గర ఫొటోగ్రఫీ విద్యార్థులు విరివిగా వాడిన నైకాన్ ఎఫ్‌ఎం-10, మరీ చవకగా కావాలంటే జెనిట్. యాషికా ఎలక్ట్రో-35 అందంగానే ఉంటుంది గాని, దాని పాదరసం బ్యాటరీ ఇప్పుడు తయారు కాదు, వేరే బ్యాటరీకి తొడుగు వెతుక్కోవాలి. కొనేచోట వెనక తలుపు తెరిచి నెమ్మది వేగాల్లో షట్టరు చూడండి, లెన్సులోంచి దీపం వైపు చూసి బూజు వెతకండి, తలుపు అంచున నల్ల నురగ జిగురుగా ఊడుతుంటే ధర తగ్గించమనండి. జాదవ్‌పూర్‌లోని నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చేసిన నేషనల్-35 ఎక్కడైనా కనబడితే, అది బీరువాలో ముచ్చటగా పెట్టుకోవడానికి. రోజూ వాడకానికి కే-1000కే నా ఓటు.

వచ్చే సంచికకు రాసేవాళ్లు కెమెరా పేరు, రీలు పేరు, తీసిన వేళ తప్పకుండా రాయండి. ప్రింటు పంపండి చాలు. అసలు నెగటివ్‌లు మాత్రం దయచేసి పోస్టులో పంపవద్దు.